పల్లె పాఠాలు – 12: మతం కాలమ్‌లో ఏం రాయమంటారు?



పోయిన భాగంలో వర్గీకరణ గురించి రాశాను. అది చదివి చాలామంది ఒకే ప్రశ్న పంపారు. "దళిత క్రైస్తవుల మాటేంటి సార్? వాళ్లను ఎస్సీల్లో ఉంచాలా, తీసెయ్యాలా?" అడిగినవాళ్లలో మనవాళ్లున్నారు. మనల్ని గిల్లి చూద్దామని అడిగినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ కలిపి ఇదే జవాబు. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

1985 నుంచి మొదలుపెడతాను.

ఆ ఏడాది జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. గొడవ ముందురోజు చెరువు దగ్గర మొదలైంది. పల్లెవాళ్లు తాగే నీళ్లు పాడుచేస్తుంటే ఇదేం పనని ఒక కుర్రాడు అడిగాడు. వాణ్ని కొట్టబోతే ఒక ఆడమనిషి అడ్డం వెళ్లి బిందె ఎత్తింది. తెల్లారి గొడ్డళ్లతో, బరిసెలతో పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు కట్టుబట్టలతో చీరాల పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ల పేర్లు చదవండి. అందులో మోషేలున్నారు, యెహోషువ ఉన్నాడు. బిందె ఎత్తినామెదీ క్రైస్తవ పేరే.

గొడ్డలి పట్టుకొచ్చినవాడు "నీది హిందూ మతమా, క్రైస్తవమా?" అని అడగలేదు. వాడికి పల్లె ఎక్కడుందో తెలుసు. అది చాలు.

సరిగ్గా 75 రోజుల తర్వాత, సెప్టెంబర్ 30న, ఢిల్లీలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. సూసై కేసు. సూసై మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టుకునే మనిషి. ఆదిద్రావిడుడు, క్రైస్తవంలోకి వెళ్లాడు. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది, పనిముట్లకు కొంత డబ్బు ఇచ్చింది. అదే పని చేసే హిందువులకు వచ్చింది, సూసైకి రాలేదు. కారణం, ఆయన క్రైస్తవుడు. ఆయన కోర్టుకెళ్లాడు. కోర్టు ఏమన్నదంటే, మతం మారాక కులం మిగిలి ఉందని చూపిస్తే సరిపోదు. కొత్త మత సమాజంలో కూడా ఆ అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు చెయ్యాలి. ఆ రుజువులు మా ముందు లేవు అన్నది. కేసు కొట్టేసింది.

ఈ తీర్పును నేను చాలాసార్లు చదివాను. నన్ను ఆపేది ఒక్క మాట దగ్గర. "కొత్త మత సమాజంలో." ఈ మాట వెనక ఒక బొమ్మ ఉంది. దళితుడు మతం మారగానే సామాను సర్దుకుని ఇంకో దేశం వెళ్లిపోతాడన్న బొమ్మ అది. పాత ఊరు పాత మతం దగ్గరే ఉండిపోతుందట. ఇతను పోయి కొత్త సమాజంలో కాపురం పెడతాడట. ఇక అక్కడ కులం ఉందో లేదో వెతకాలట.

క్రైస్తవుడైన దళితుడు కాపురం ఉండేది చర్చిలో కాదు. వారానికి ఓ రెండు గంటలు చర్చిలో ఉంటాడు. మిగిలిన వారమంతా పల్లెలోనే ఉంటాడు. అదే ఆసామి పొలంలో కూలికి వెళ్తాడు. అదే టీకొట్టు ముందు నిలబడతాడు. అదే చెరువు, అదే బోరింగు. సూసై కూడా బైబిల్ కుట్టుకుంటూ కూర్చోలేదు, చెప్పులే కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన దేవుడు మారాడు. ఆయన చేతిలో ఆరె మారలేదు. కులం ఎక్కడ దెబ్బకొడుతుందో అక్కడ వెతకాలి గానీ, ఆదివారం ఎక్కడికెళ్తాడో అక్కడ వెతికితే ఏం దొరుకుతుంది?

ఇప్పుడు ఈ నిబంధన ఎక్కడ పుట్టిందో చూద్దాం. చాలామంది దీన్ని రాజ్యాంగంలో ఉన్నదనుకుంటారు. కాదు. మొదట 1936లో బ్రిటిష్ వాళ్లు షెడ్యూల్డ్ కులాల జాబితా ఉత్తర్వు ఇచ్చినప్పుడు భారతీయ క్రైస్తవులు ఆ లెక్కలోకి రారన్నారు. స్వతంత్రం వచ్చాక, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడు నెలలకే, 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దానిలో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించే వ్యక్తి షెడ్యూల్డ్ కులస్తుడు కాడని చెప్పేది ఆ పేరానే. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే.

ఇక్కడ అంబేడ్కర్‌వాదులమని చెప్పుకునే మిత్రులు ఒక్క నిమిషం ఆగాలి. బాబాసాహెబ్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. బౌద్ధులకు ఎస్సీ హోదా తిరిగొచ్చింది 1990లో. అంటే 34 ఏళ్లు. ఆయన వెనక నడిచినవాళ్లు, ఆయన మాట మీద దేవుళ్లను వదిలేసినవాళ్లు, కేంద్రం జాబితాలో 34 ఏళ్లు ఎస్సీలు కాకుండా పోయారు. వాళ్ల చేతిలోంచి హోదా లాగేసింది కూడా ఈ మూడో పేరానే. ఇవ్వాళ "క్రైస్తవులది వాళ్ల గొడవ, మనకెందుకు" అంటున్న తమ్ముళ్లు ఇది మర్చిపోకూడదు. ఆ పేరా క్రైస్తవం మీద కోపంతో మాత్రమే రాసింది కాదు. దళితుడు గడప దాటితే జరిమానా కట్టాలని రాసింది.

గిరిజనులకు ఈ షరతు లేదు. ఎస్టీ అయిన మనిషి ఏ దేవుణ్ని మొక్కినా ఎస్టీయే. మిజోరం, నాగాలాండ్‌లలో ఎక్కువమంది క్రైస్తవులు, వాళ్ల ఎస్టీ హోదాకేం కాలేదు. బీసీ జాబితాల్లో ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. అగ్రకులస్తుడు మతం మారితే ఊళ్లో ఆయన భూమీ పోదు, మర్యాదా పోదు. పేరు చివర తోక కూడా పోదు. గుంటూరు జిల్లాలో రెడ్డి క్రైస్తవులున్నారు, కమ్మ క్రైస్తవులున్నారు. తరాలు గడిచినా వాళ్లు ఎవరో ఊరికి తెలుసు. రాజ్యాంగం 25వ అధికరణం నచ్చిన మతం పాటించే హక్కు అందరికీ ఇచ్చింది. దాన్ని వాడుకున్నందుకు రక్షణలు పోగొట్టుకునేది దళితుడొక్కడే. అందరికీ ఉచితంగా దొరికేదాన్ని ఒక్కడికి మాత్రం డబ్బుకు అమ్మితే దాన్ని హక్కు అనరు, వ్యాపారం అంటారు.

ఇంకో విచిత్రం చూడండి. మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి అని ఒక గ్రూపుంది. అందులో ఎవరున్నారు? షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల సంతానం. వాళ్లకిచ్చింది ఒక్క శాతం. ఆ "వాళ్ల సంతానం" అన్న మాట గమనించండి. తాత మతం మారితే మనవడు కూడా వెనకబడినవాడే అని ప్రభుత్వమే రాసుకుంది. కులం మతంతో పోదని, రక్తంలా తరాల మీదుగా దిగుతుందని ప్రభుత్వానికి తెలుసు. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టబద్ధం కాని రాయితీలను క్రైస్తవులైన ఎస్సీలకూ ఇవ్వొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అంటే హాస్టల్ గది దాకా వచ్చేసరికి నువ్వు దళితుడివే. ఉద్యోగం, అసెంబ్లీ సీటు, అట్రాసిటీ కేసు దాకా వచ్చేసరికి నువ్వెవరో మాకు తెలియదు. ఇదెక్కడి లెక్క?

అట్రాసిటీ కేసు అన్నాను కదా, అసలు భయం అక్కడే ఉంది. రిజర్వేషన్ గురించి గంటలు గంటలు మాట్లాడతాం గానీ దీని గురించి మాట్లాడం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. ఒక పాస్టరు తనను కులం పేరుతో తిట్టారని, కొట్టారని కేసు పెట్టాడు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నావు కాబట్టి నువ్వు క్రైస్తవుడివి, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నీకు వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా కుదరదన్నది. అక్కడ నిజంగా ఏం జరిగిందన్నది నేను తేల్చలేను, ఆ జోలికి పోను. నేనడిగేది వేరే. కులం పేరుతో తిట్టేవాడి నోట్లో ఆ మాట ఎలా వచ్చింది? ఎదుటివాడి బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి వచ్చిందా? వాడి పల్లె చూసి వచ్చిందా?

ఈ ప్రశ్నకు జవాబు చట్టంలోనే సగం ఉంది. 2015లో అట్రాసిటీ చట్టానికి సవరణలు చేశారు. నిందితుడికి బాధితుడో అతని కుటుంబమో ముందునుంచీ తెలిసి ఉంటే, బాధితుడి కులం కూడా అతనికి తెలుసనే కోర్టు అనుకోవాలని ఒక నియమం పెట్టారు. మంచి నియమం. ఊళ్లో ఎవరిదే కులమో ఎవరికీ తెలియదనే నాటకాలు ఇక కుదరవని చెప్పింది. అంటే కొట్టినవాడి బుర్రలో ఏముందన్నది ముఖ్యమని చట్టమే ఒప్పుకుంది. కొట్టినవాడి బుర్రలో కులం ఉంటే, దెబ్బ తిన్నవాడి గుండెలో ఏ దేవుడున్నాడన్నది ఎందుకు?

దానికి కొన్ని నెలల ముందు, 2024 నవంబర్ 26న, సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో తీర్పు చెప్పింది. ఆమె బాప్తిస్మం తీసుకుంది, చర్చికి వెళ్తోంది, అయినా నేను హిందువునేనని ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని కోర్టు అన్నది. తేదీ మళ్లీ చూడండి. నవంబర్ 26, రాజ్యాంగ దినం.

మోసం. పెద్ద మాట. మన పల్లెల్లో ఆ మోసం ఎలా ఉంటుందో చెప్తాను.

నాకు తెలిసిన ఒక ఇల్లుంది. ఎవరిల్లో, ఏ ఊరో అడక్కండి. ఆ ఇంట్లో పెద్దామెకు రెండు పేర్లు. రేషన్ కార్డులో మంగమ్మ. చర్చి రిజిస్టర్‌లో మార్తమ్మ. బడికి పోలేదు, బైబిల్ చదవడం కోసం నలభై ఏళ్ల వయసులో అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. చివరికి పోయింది. సమాధి కట్టారు. రాయి మీద సిలువ చెక్కించాలి, పేరు మార్తమ్మ అని రాయించాలి అన్నాడు పెద్దకొడుకు. చిన్నకొడుకు వద్దన్నాడు. ఆయన కూతురికి ఉద్యోగం వచ్చే టైము. కుల ధృవీకరణ మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే ఎంక్వయిరీకి వచ్చేవాళ్లు సమాధులు కూడా చూస్తారని ఎవరో చెప్పారట. నిజమో అబద్ధమో తెలియదు. భయానికి నిజంతో పనేముంది? అన్నదమ్ములు మూడు రోజులు మాట్లాడుకోలేదు. ఆఖరికి సిలువ లేకుండా, పేరు లేకుండా సున్నం కొట్టి వదిలేశారు. బతికినన్నాళ్లూ వేలు పెట్టి అక్షరాలు చదివిన మనిషి సమాధి మీద ఒక్క అక్షరం లేదు.

ఇక్కడ ఎవరు ఎవర్ని మోసం చేశారో మీరే చెప్పండి. 

మీదే మతం అని నన్ను అడిగినవాళ్లున్నారు. చెప్పను. సిగ్గుపడి కాదు, భయపడీ కాదు. రెడ్డిగారిని, శర్మగారిని అడిగితే ఆ ప్రశ్న కులాసా కబురు. నన్ను అడిగితే అది విచారణ. విచారణలో మౌనంగా ఉండే హక్కు నాకుంది.

"అసలు మతం ఎందుకు మారారు? బియ్యం గోధుమల కోసమేగా?" అని కొందరి ఎత్తిపొడుపు. చరిత్ర తెలియక అనేవాళ్ల కోసం ఒంగోలు సంగతి చెప్తాను. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. ఆయన దగ్గరికి మొదట వచ్చినవాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. మాదిగ. తోళ్ల వ్యాపారం చేస్తూ ఊరూరూ తిరిగేవాడు, యోగం నేర్చుకున్నవాడు, దేవుణ్ని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఎవరో వచ్చి ఆయన్ని మార్చలేదు, ఆయనే నడిచి వెళ్లాడు. 1876-78 మధ్య పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కాలువ పని, గంజి అయిపోయాక 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యం పెట్టినప్పుడు కాదు, బియ్యం అయిపోయాక.

మరి దేనికోసం? ఆ తొలి విశ్వాసులకు పెట్టిన నియమాలు చూస్తే తెలుస్తుంది. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు. మొదటిది భక్తి. మిగతా రెండూ ఏంటో ఊరికి వెంటనే అర్థమైంది, అందుకే అంత గొడవ చేసింది. చచ్చిన గొడ్డు తినను అంటే ఊరిచ్చే ఎంగిలి మర్యాద నాకొద్దని. ఆదివారం పనికి రాను అంటే వారంలో ఒకరోజు నేను నీ మనిషిని కానని. వెట్టి చేసే మనిషికి క్యాలెండర్లో సొంత రోజు ఉండటం అదే మొదలు. ఇవ్వాళ మనం కార్మిక హక్కు అంటున్న వారపు సెలవు మాదిగపల్లెకు ప్రార్థన రూపంలో వచ్చింది. దాన్ని బియ్యంతో తూచకండి.

క్లౌ దగ్గరికి ఒంగోలు బ్రాహ్మణులు వచ్చి ఒక మాట అడిగారట. మాదిగలను చేర్చుకోకుండా ఉంటే మేము మీతో ఉంటాం అని. ఆయన తన పుస్తకంలో రాసుకున్న సంగతే ఇది. ఆయన మాదిగల వైపు నిలబడ్డాడు. అన్ని చోట్లా మిషన్లు ఇలాగే నిలబడ్డాయని నేను చెప్పను. ఒంగోల్లో నిలబడింది. పల్లె అది గుర్తుపెట్టుకుంది.

ఇక సంస్కృతి గొడవ. "మతం మారితే సంస్కృతి పోతుంది" అంటారు. నేను తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ని, నాకు వెంటనే జాషువా గుర్తొస్తాడు. వినుకొండ. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. ఆయన 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడి లోపలికి రానివ్వని మనిషి, గుళ్లో ఏ అడ్డూ లేకుండా తిరిగే గబ్బిలంతో తన కష్టం కాశీ విశ్వనాథుడికి చెప్పమంటాడు. ఈ కావ్యం చెప్పేటప్పుడు ఒకసారి డిగ్రీ సెకండియర్ అమ్మాయి లేచి అడిగింది. "జాషువా క్రైస్తవుడు కదా సార్, శివుడితో ఆయనకేం పని?" మంచి ప్రశ్న. "ఎవరి పేరు చెప్పి మనల్ని బయట నిలబెట్టారో, ఫిర్యాదు ఆయనకే చెప్పాలి కదమ్మా" అన్నాను. క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది.

అదే జాషువా రాసిన శ్మశానం పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు చేరాయి. ఏ ఊళ్లో నాటకం ఆడినా ఆ పద్యాలకు ఊరు ఊరంతా వన్స్‌మోర్ కొట్టింది. మాదిగ తల్లి కన్న క్రైస్తవుడి పద్యం, సత్యహరిశ్చంద్రుడి నోట్లో, అగ్రహారం అరుగుల మీద. అదే కవి 'క్రీస్తు చరిత్ర' రాస్తే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన సంస్కృతి ఏది? ఏ కాలమ్‌లో రాస్తారు? ఆయన్ని పంక్తిలో దూరంగా కూర్చోబెట్టినవాళ్లు ఆయన మతం చూసి కూర్చోబెట్టారా, కులం చూసా? అకాడమీ బహుమతులకు మతం కాలమ్ లేదు కాబట్టి సరిపోయింది. ఆయన ఎస్సీ సర్టిఫికెట్ కోసం వెళ్లి ఉంటే, 'గబ్బిలం' కవికే ఏమిటి రుజువు అని అడిగేవాళ్లు.

ఇంతవరకూ ప్రభుత్వాన్ని, కోర్టును అడిగాను. ఇప్పుడు చర్చి పెద్దలను అడగాలి. ఇది రాయకపోతే మిగతాది రాసే అర్హత ఉండదు.

అయ్యగార్లూ, పులిపీఠం మీద నిలబడి క్రీస్తులో కులం లేదంటారు. ఢిల్లీకి రాసే అర్జీలో మాలో కులం ఉంది కాబట్టి ఎస్సీ హోదా ఇమ్మంటారు. ఏది నిజం? రెండోదే నిజమని మీకు తెలుసు, మాకూ తెలుసు. ఒకే ఊళ్లో మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఎందుకున్నాయి? పెళ్లి సంబంధాల దగ్గర విశ్వాసులైన వరుడు కావలెను అని రాసి పక్కనే కులం పేరు ఎందుకు రాస్తారు? తమిళనాడులో సమాధుల మధ్య గోడలున్నాయి. శతాబ్దాల చరిత్ర ఉన్న భారత కథోలిక సంఘంలో ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. ఆయన మన తెలుగువాడే, హైదరాబాద్ ఆర్చ్ బిషప్ పూల ఆంథోని. సంతోషపడ్డాం. కానీ అన్నేళ్లు ఎందుకు పట్టిందని ఎవరూ అడగలేదు. చర్చిలో కుల వివక్ష ఉందని, అది పాపమని 2016లో కథోలిక బిషప్పుల సమాఖ్యే ఒక విధానపత్రంలో ఒప్పుకుంది. ఒప్పుకోవడం మంచిదే. కాగితం మీద ఒప్పుకున్నది కాలేజీ నియామకాల్లో, సంఘ కమిటీల్లో కనపడాలి. సూసై కేసులో కోర్టు రుజువులు లేవన్నది. రుజువులు లేక కాదు, చర్చి సిగ్గుపడి దాచిపెట్టింది. మీ సిగ్గుకు సూసై బంకు బలైంది.

ఇప్పుడు మన హిందూ దళిత సోదరుల భయం. "వాళ్లొస్తే మా వాటా తగ్గుతుంది." ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంట్లో ఒక్క రొట్టె ఉన్నప్పుడు ఇంకో చెయ్యి చాపితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ రెండు సంగతులు ఆలోచించండి. ఒకటి, దళిత క్రైస్తవుల్లో చాలామంది కాగితాల మీద ఇప్పటికే హిందువులే. రెండు పేర్లతో బతికే మార్తమ్మల పిల్లలు ఇప్పటికే ఎస్సీ జాబితాలోనే ఉన్నారు. వాళ్లు కొత్తగా వచ్చి తినేదేమీ లేదు, దొంగల్లా తినాల్సిన అవసరం మాత్రం పోతుంది. రెండు, నిజంగా జనం పెరిగితే వాటా పెంచమని కలిసి అడుగుదాం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరా పూర్తిగా తీసెయ్యమని సిఫార్సు చేసింది. ఆ నివేదిక అటకెక్కింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, రెండేళ్ల గడువిచ్చారు, ఆ గడువును మళ్లీ పొడిగించారు. మన అసెంబ్లీ 2009 ఆగస్టులో తీర్మానం చేసింది, 2023 మార్చిలో మళ్లీ చేసింది. ఎస్సీ జాబితా మార్చే అధికారం 341వ అధికరణం ప్రకారం పార్లమెంటుది. అసెంబ్లీ తీర్మానం అంటే పోస్టులో వేసిన ఉత్తరం. జవాబు రాదని తెలిసి కూడా ఓట్లకు ముందు రాసే ఉత్తరం.

అందుకే నేను అడిగేది రెండు మెట్లుగా అడుగుతాను.

మొదటి మెట్టు, దెబ్బల సంగతి. అట్రాసిటీ చట్టం షెడ్యూల్డ్ కులం అన్న మాటకు అర్థాన్ని రాజ్యాంగం నుంచి అరువు తెచ్చుకుంది. ఆ అర్థం వెనకాలే మూడో పేరా కూడా నడిచొచ్చింది. రిజర్వేషన్ గొడవ తేలినా తేలకపోయినా పార్లమెంటు ఈ ఒక్క చట్టాన్ని సవరించవచ్చు. జాబితాలో ఉన్న కులంలో పుట్టిన మనిషి మీద, ఆ కులం కారణంగా దాడి జరిగితే, అతని మతంతో పనిలేకుండా చట్టం వర్తిస్తుందని ఒక్క వాక్యం చేర్చాలి. దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. ఎవరి సీటూ తగ్గదు. వాటా పోతుందని భయపడే తమ్ముడు కూడా దీనికి అడ్డం చెప్పలేడు. చెబితే, వాటా గురించి కాదు తన భయం అని అనుకోవాలి.

రెండో మెట్టు, మూడో పేరా రద్దు. అది వాటాల లెక్కతో, జనగణనతో, వర్గీకరణతో ముడిపడ్డ పని. టైము పట్టొచ్చు. కూర్చుని మాట్లాడుకుందాం, కొట్లాడుకుందాం కూడా. కానీ దెబ్బలు తినేవాణ్ని లెక్కలు తేలేదాకా ఆగమనకండి.

చివరగా, సర్టిఫికెట్ ఫారాలు నింపే మన పిల్లలకు ఒక మాట. మతం కాలమ్ దగ్గర పెన్ను ఆగిపోతే అది మీ తప్పు కాదు. నిజం రాస్తే హక్కు పోయేలా, హక్కు అడిగితే నిజం దాచేలా ఆ ఫారం తయారుచేసినవాళ్ల తప్పు. మీరు తల దించుకోకండి.

వచ్చే భాగంలో పల్లె శ్మశానాల గురించి రాస్తాను. మీ ఊళ్లో పల్లెకు శ్మశానం స్థలం ఉందా, ఎంత, దారి ఉందా, ఆ దారి ఎవరి పొలంలోంచి పోతుంది, వివరాలుంటే రాసి పంపండి.

జై భీమ్.